చిన్నదొర చేసిన తనిఖీ

జగ్గభూపతి మహారాజుకి ఒకనాడు పొద్దున్నే కొత్త ముచ్చట పుట్టింది. నేతశాలల్లో పనిచేసే తల్లుల కోసం ఊళ్ళో పిల్లల్ని సాకే ఇళ్ళు రెండున్నాయి. రెండింటికీ రాజముద్ర పలకలిచ్చింది ఆయనే. వాటిలో మంచిదానికి వెండి గంట కట్టిస్తాను, చెడ్డదాని పలక ఊడబీకిస్తాను అన్నాడు.

తనిఖీకి దండపాణి పంతులు బయల్దేరాడు. ముందు డప్పు, వెనక పల్లకీ. డప్పు వినపడ్డాక ఏ ఇల్లు మాత్రం ఊడ్చుకోదు? పైగా మొదటి ఇల్లు ఆయనగారి బావమరిది శేషప్పదే.

సాయంత్రానికి తీర్పు చెప్పేశాడు. శేషప్ప ఇల్లు అద్దంలా ఉందట, పిల్లలు కిక్కురుమనకుండా గోడవార కూర్చున్నారట. గంగులమ్మ ఇంట్లో మాత్రం వాకిలంతా మట్టిబొమ్మలు, గోడలనిండా బొగ్గు గీతలు, ఒకటే గోల. ఆమె పలక ఊడబీకాల్సిందేనట.

రాజుగారికి తాంబూలం అందించే కోనమ్మ ఆ తీర్పు వింది. ఆమె మనవరాలు పెరిగేది గంగులమ్మ చేతుల్లోనే. ఆ ఇల్లు మూతబడితే కూతురు మగ్గం వదులుకోవాలి, లేదా పసిదాన్ని శేషప్పకి అప్పగించాలి. రెండేళ్ళ పిల్లలు కిక్కురుమనకుండా కూర్చున్నారంటే ఆమెకు మెచ్చుకోబుద్ధి కాలేదు, భయం వేసింది.

ఆకుకి సున్నం రాస్తూ మెల్లగా అంది.

"పంతులుగారి కళ్ళకి తిరుగులేదు ప్రభూ. గంట కట్టేముందు మన చిన్నదొరని కూడా రెండిళ్ళలో ఒక్కసారి దింపి చూద్దామా?"

చిన్నదొర రాజుగారి మనవడు. ఏడాదిన్నరవాడు. కోటలో వాడి చేతికందని వస్తువు లేదు, వాడు నోట్లో పెట్టుకోని వస్తువూ లేదు. రాజుగారు సరే, నేనూ వస్తానన్నాడు. పంతులు మీసం దువ్వుకుంటూ నిక్షేపంగా దింపమంటూ వెంట బయల్దేరాడు. ఈసారి డప్పు మాత్రం వద్దంది కోనమ్మ.

గంగులమ్మ మోచేతుల దాకా మట్టితో ఎదురొచ్చింది. రాజుగారికి దణ్ణం పెట్టడం కూడా మరిచిపోయి, చేతులు కడుక్కుని, పిల్లాడి మెడలోని ముత్యాల పేరు తీసి కోనమ్మకిచ్చింది.

"ఇవి గొంతుకడ్డం పడతాయొదినా. ఇప్పుడు దింపు."

పొయ్యి చుట్టూ తడిక ఉంది, బావికి మూత ఉంది. వాడు పరుగెత్తాడు, పడ్డాడు, ఒళ్ళంతా మట్టి పూసుకుని కేరింతలు కొట్టాడు. బయటికి తేవడానికి ఇద్దరు భటులు కావలసి వచ్చారు.

శేషప్ప ఇల్లు నిజంగానే అద్దంలా ఉంది. ఆయన హారతి పళ్ళెంతో ఎదురొచ్చాడు. కోనమ్మ చిన్నదొరని దింపబోయింది. వాడి పాదం గచ్చుకి తగలకముందే శేషప్ప పళ్ళెం కింద పెట్టేసి అడ్డొచ్చాడు.

"వద్దమ్మా, దింపకు. ఆ తెర వెనక నుయ్యి ఉంది."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మిగతావీ తనే చెప్పేశాడు. మూలన నిప్పుల కుంపటి, చేతికందే గూట్లో సున్నపు పిడత. మరి ఇంతమంది పిల్లలూ ఎలా ఉంటున్నారంటే, కదిలితే బెత్తం ఉందన్నాడు.

రాజుగారు మనవణ్ణి గబుక్కున గుండెకి హత్తుకున్నాడు. గుమ్మం మీద తన ముద్ర చూసి ఆయనకే సిగ్గేసింది. ఇవేవీ కనపడలేదా అని పంతుల్ని అడిగితే పంతులు తలపాగా సర్దుకున్నాడు. కోనమ్మే అందుకుంది.

"ఆయన తప్పు కాదు ప్రభూ. తనిఖీ తలపాగా ఎత్తున జరిగింది. ప్రమాదాలన్నీ మోకాలి ఎత్తున ఉన్నాయి."

రాజుగారు పకపకా నవ్వాడు. గంట గంగులమ్మ గుమ్మానికి, ముత్యాల పేరు కోనమ్మకి దక్కాయి. శేషప్ప పలక ఊడింది, అక్కడి పిల్లల కోసం గంగులమ్మ ఇంటికి రెండు గదులు పెరిగాయి. పంతులు ఉద్యోగం ఊడకుండా కోనమ్మే అడ్డుపడింది. ఇకమీదట పాకుతూ తనిఖీ చేస్తే చాలంది. రాజుగారు అలాగే కానిమ్మన్నాడు.

రాజాజ్ఞ కదా, పంతులు అక్కడికక్కడే మోకాళ్ళ మీదకి దిగాడు. చిన్నదొర ఆయన వీపెక్కి, తలపాగా కొస లాగి, శుభ్రంగా నోట్లో పెట్టుకున్నాడు.