బుచ్చన్న రాయి దగ్గర వంగిన వీపులు

ముల్లోకాలు గాలించినా చిదానందయ్యగారంతటి గురువు దొరకడు. మా తాలూకాలోనే ఇంకో ఇద్దరున్నారనుకోండి, అది వేరే సంగతి.

ఆయన శిష్యుడు పైడిరాజు ఓ ఉదయం, "సేవలో అన్నిటికన్నా కష్టమైనదేది గురువుగారూ?" అని అడిగాడు. వారం నుంచీ అదే ప్రశ్న. గురువుగారు విసుగ్గా చేతికర్ర అందుకుని, "పద, బుచ్చన్న రాయి దాకా నడిచొద్దాం," అన్నారు.

అది కొండ అంచున సాగే కాలిబాట. కింద లోయ నిండా పసుపుపచ్చని వలిసెపూలు, వాటి మధ్య సన్నగా ఏరు. కలరా వచ్చిన ఏడాది బుచ్చన్న పైపల్లెల రోగుల్ని వీపున మోసుకుని ఈ బాటనే ఆస్పత్రికి దించాడు. చివరికి ఆ జబ్బుతోనే పోయాడు. అతని పేర నిలిపిన రాయి దగ్గరికి ఆఖరి ఎగుడు ఎక్కాలంటే ఒకరు మోయాలి, ఒకరు మోయించుకోవాలి. అది అక్కడి ఆచారం. రాయి దాటితే అవతల జీపులు తిరిగే రోడ్డు.

"మిమ్మల్ని నేనే మోస్తాను," అంటూ బయల్దేరిన పైడిరాజు రెండో మలుపులోనే జారి చీలమండ బెణికించుకున్నాడు. కుంటుకుంటూ ఎగుడు దగ్గరికి చేరేసరికి అక్కడో విడ్డూరం. వచ్చినవాళ్ళంతా వరసగా వీపులు వంచి నిలబడి ఉన్నారు. ఎక్కేవాడు ఒక్కడూ లేడు. "మీరెక్కండి." "అబ్బే, ముందు మీరెక్కండి." పొద్దుటి నుంచీ ఇదే తగువట. కుంటుతున్న మనిషి కనబడగానే అందరికీ ప్రాణం లేచొచ్చింది.

"రావయ్యా, నా వీపెక్కు," అన్నాడో బక్కపల్చటి బడిపంతులు.

"నాకేమైందండీ? శుభ్రంగా ఉన్నాను," అన్నాడు పైడిరాజు పళ్ళు బిగించి. చీలమండ అప్పటికే బూరెలా పొంగింది. పడమట మబ్బు కమ్ముకొస్తోంది. వాన పడిందంటే ఆ బండల మీద మంచి కాళ్ళున్నవాడికే నిలకడ ఉండదు. ఇతను ముందుకూ పోలేడు, వెనక్కూ దిగలేడు.

గురువుగారి ఓపిక కాస్తా అయిపోయింది. "ఒరేయ్, ఇంతమంది బుచ్చన్నలుండి ఏం లాభంరా? రోగులకే కరువొచ్చిపడింది."

తొలి చినుకులు పడ్డాక గానీ పైడిరాజు చేతులు పంతులుగారి మెడ చుట్టూ పడలేదు. ఆ వీపు మీద ఉన్నంతసేపూ కళ్ళు మూసుకునే ఉన్నాడు. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి. రాయి దగ్గర దిగి, తలెత్తకుండానే, "నా ప్రశ్నకి జవాబు చెప్పనేలేదు మీరు," అని గొణిగాడు.

గురువుగారు తడుస్తున్న రాయి మీద చెయ్యి వేశారు.

"బుచ్చన్న వీపు మీద దిగొచ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణిరా," అన్నారు. "ఊళ్ళో మాత్రం నడిచొచ్చానని చెప్పుకున్నాను."