చౌడమ్మ బెజ్జాల పళ్ళెం

అనగా అనగా, చక్రం తిరిగితేనే చేనికి నీరందే ఒక మెట్ట రాజ్యం ఉండేది. నది పల్లంలో ఉండేది, పొలాలు ఎత్తున ఉండేవి. ఎడ్లు చుట్టూ తిరుగుతుంటే, ఇత్తడి పళ్ళచక్రాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ తిరిగితే, నీళ్ళు మెట్టెక్కేవి. ఏ చక్రానికైనా ఒక్క పన్ను లావైనా, సన్నమైనా తిరుగుడు ఆగేది. తిరుగుడు ఆగితే చేలు ఎండేవి.

పళ్ళన్నీ ఒక్కలా రావాలంటే బెజ్జాల పళ్ళెం కావాలి. అది గుండ్రటి ఇత్తడి పళ్ళెం. అంచు వెంబడి సమదూరంలో సన్నటి బెజ్జాలు ఉంటాయి. తిరుగుడు పీట మీద చక్రాన్ని బిగిస్తారు, పీట కింద పళ్ళేన్ని అమరుస్తారు. ఒక బెజ్జంలో చీల దింపి, పీట కదలకుండా చేసి, పన్ను కోస్తారు. చీల తీసి, మూడు బెజ్జాలు జరిపి, మళ్ళీ దింపి, ఇంకో పన్ను కోస్తారు. లెక్క తప్పకపోతే పన్ను తప్పదు.

రాజ్యం మొత్తానికి అలాంటి పళ్ళెం ఒక్కటే ఉండేది. అది ఇత్తడి పనిచేసే కంచరుల చావడిలో, సంఘం పెద్ద రుద్రాచారి చేతికింద ఉండేది. ఆయన తాతల నాటిది. ఏటా దసరాకు దానికి పసుపు పూసి, గంధం అలది, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టేవారు. చక్రం కోయాలంటే ఎవరైనా ఆ చావడికే వచ్చి, వంతు వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడాలి. కొందరి వంతు ఎన్నటికీ వచ్చేది కాదు.

చావడి ఉన్న వీధి చివర చౌడమ్మ అనే కంచరి ఆడమనిషి ఉండేది. మంచిమాట చెబితే వినే గుణం ఆమెకు ఉంది. అణిగి ఉండమంటే వినే గుణం మాత్రం లేదు. పెరట్లో పాక వేసుకుని, అందులో చిన్న కొలిమి, చిన్న తిరుగుడు పీట పెట్టుకుంది. చావడి గుమ్మంలో నిలబడి నిలబడి విసిగిపోయి, తన పళ్ళెం తనే చేసుకుంది.

మొదటి చక్రం నవ్వులపాలైంది. చీల ఉన్న బెజ్జాన్నే ఒకటి అని లెక్కపెట్టేసరికి, పళ్ళన్నీ దువ్వెన పళ్ళల్లా సన్నగా వచ్చాయి. చౌడమ్మ తన నెత్తిన తనే ఒక మొట్టికాయ వేసుకుంది. నిలబడిన చోటు అడుగు కాదు, కదిలితేనే అడుగు అని గొణుక్కుంటూ, ఆ చక్రాన్ని తన చేత్తోనే కరిగించింది. రెండో చక్రం చక్కగా కుదిరింది. దాన్ని చెల్లెలి చేలో బిగిస్తే చప్పుడు లేకుండా తిరిగింది.

అప్పటికి కొన్నేళ్ళుగా చావడి చక్రాలు చుట్టుకొక్కసారి కటుక్కుమని పట్టేస్తున్నాయి. రైతులు మొరపెట్టుకుంటే, మీ ఎడ్లకు నడక రాదని రుద్రాచారి కసిరేవాడు. పాపం ఎడ్లు, వాటికి నోరు లేదు కదా! దాంతో రైతులు ఒక్కొక్కరే చౌడమ్మ పాకకు రావడం మొదలుపెట్టారు. రుద్రాచారికి ఒళ్ళు మండింది.

మొదటిసారి ఆయన తీయగా వచ్చాడు. "అమ్మాయ్, ఇంటికో పళ్ళెం ఉంటే ఇంటికో లెక్క అవుతుంది. దాన్ని కరిగించేసి చావడికి రా. నీ వంతు ముందే ఇప్పిస్తాను" అన్నాడు.

"పళ్ళేలు ఎన్నున్నా లెక్క ఒక్కటే, పెదనాన్నా" అంది చౌడమ్మ.

రెండోసారి ఆయన మనుషులు సుత్తులతో వచ్చారు. ఆమె పళ్ళేన్ని ఆమె దాగలి మీదే పెట్టి ముక్కలు చేశారు. చౌడమ్మకు ఏడుపొచ్చింది, కరువుతీరా ఏడ్చింది. తర్వాత ముక్కలన్నీ ఏరి, మూసలో వేసి, కొలిమి ఊదింది. ఆ ఇత్తడితోనే మళ్ళీ పళ్ళెం చేసింది. ఈసారి పాక తలుపూ పెరటి తలుపూ బార్లా తెరిచి, వీధిలో పోయేవాళ్ళందరికీ కనబడేలా చేసింది.

మూడోసారి రుద్రాచారి ఆమెను రాజుగారి కొలువుకే ఈడ్చాడు. ఇంటి పళ్ళెంతో కోసిన దొంగచక్రాల వల్లే చేలు ఎండుతున్నాయని, చౌడమ్మ ఇక కొలిమి ముట్టించకుండా ఆజ్ఞ ఇవ్వాలని అడిగాడు.

రాజుగారికి తగవు త్వరగా తెమలడం ముఖ్యం. పెద్దాయనకు క్షమాపణ చెప్పి, పళ్ళెం అప్పగించి, చావడిలో పని చేసుకొమ్మని, అప్పుడు కొలిమి జోలికి ఎవరూ రారని ఆమెకు నచ్చజెప్పారు. కొలువంతా తలలూపింది. చౌడమ్మ తల ఒక్కటే ఊగలేదు.

"తప్పు చేసుంటే కాళ్ళు పట్టుకునేదాన్ని, ప్రభూ. చేయలేదు. నా చక్రాన్నీ చావడి చక్రాన్నీ నది ఒడ్డున తిప్పించండి. నాది ఆగితే నా కొలిమిలో నేనే నీళ్ళు పోస్తాను" అంది.

అందరూ నదికి వెళ్ళారు. చౌడమ్మ చక్రం తిరిగింది, నీళ్ళు గలగలా మెట్టెక్కాయి. అవే ఎడ్లను కట్టి చావడి చక్రం తిప్పితే, చుట్టు పూర్తికాకముందే కటుక్కుమంది. ఇంకాస్త అదిలిస్తే ఒక పన్ను విరిగి రాజుగారి పాదాల దగ్గర పడింది.

రుద్రాచారి ఈసారి ఎడ్లను వదిలి చావడి పనివాణ్ణి పట్టుకున్నాడు. ఇన్ని తరాల పూజలందుకున్న పళ్ళెం తప్పదని, చక్రం కోసినవాడి చెయ్యే తప్పిందని, వాడికి శిక్ష వేయమని అన్నాడు. ఆ పనివాడు రాజుగారి కాళ్ళ మీద పడ్డాడు.

చౌడమ్మ విరిగిన చక్రం చేతిలోకి తీసుకుని పళ్ళు తడిమింది. "ఇతని చెయ్యి తప్పలేదు ప్రభూ. ఒక పన్ను లావుగా ఉంది, కడపటి పన్ను సన్నంగా ఉంది, తక్కినవన్నీ సమంగా ఉన్నాయి. ఒక బెజ్జం లెక్కలోకి రాలేదు. చావడి పళ్ళేన్ని తెప్పించండి. కాస్త చింతపండు కూడా" అంది.

రుద్రాచారి అడ్డం పడ్డాడు. పూజలో ఉన్న పళ్ళేన్ని అంట్లగిన్నెలా తోముతారా అని మండిపడ్డాడు.

"దండం పెట్టినదాన్ని తోమకూడదని ఏ దేవుడు చెప్పాడు, పెదనాన్నా? మీరే తోమండి. నేను ముట్టుకోను" అంది చౌడమ్మ.

రాజుగారు తలూపాక ఇక తప్పలేదు. రుద్రాచారి చింతపండు పిసికి, ఏళ్ళ తరబడి పేరుకున్న పసుపూ గంధమూ వదిలేలా రుద్దాడు. ఇత్తడీ పసుపే, పూతా పసుపే, ఏది ఏదో ఇన్నాళ్ళూ ఎవరికి తెలుస్తుంది? రుద్దగా రుద్దగా ఒకచోట పెచ్చు ఊడింది. దాని కింద, రాయిలా గట్టిపడిన పసుపుతో పూడుకుపోయి, ఒక బెజ్జం ఉంది. అక్కడ మూడు బెజ్జాలు జరిపామనుకుంటే పీట నాలుగు జరిగేది, కడపటి పన్నుకు రెండే మిగిలేవి.

రుద్రాచారి కూడా కంచరే కదా. ఆ బెజ్జాన్ని చూడగానే ఆయనకు సంగతి అర్థమైంది. పనివాడి వైపు తిరిగి, తప్పు నాదిరా అన్నాడు. రైతులు మాత్రం ఎండిన చేలను తలుచుకుని ఆయన్ను తిట్టకుండా వదల్లేదు, వదలక్కర్లేదు కూడా.

రాజుగారు చౌడమ్మను సంఘానికి పెద్దను చేస్తానన్నారు. చావడి గుమ్మం ముందు మనుషుల్ని నిలబెట్టే పని తనకు అక్కర్లేదని, ఏ ఇంట్లోనైనా బెజ్జాల పళ్ళెం చేసుకోవచ్చని చాటింపు వేయిస్తే చాలని ఆమె చెప్పింది. చాటింపు వేశారు. ఆ వీధిలో పెరటి పాకలన్నిటిలో కొలిములు వెలిశాయి, మెట్టచేలన్నీ తడిశాయి.

ఇప్పటికీ అక్కడ దసరానాడు ముందు పళ్ళేలను చింతపండుతో తోమి, బెజ్జం బెజ్జంలోనూ సూది దూర్చి చూసి, ఆ తర్వాతే బొట్టు పెడతారట.

కాబట్టి పిల్లలూ, ఎంత పూజలందుకున్నదాన్నయినా పరీక్షించి చూడాలి. పరీక్షకు ఒప్పుకోని పెద్దరికానికి తల వంచకూడదు.