టీచరమ్మ పోయిన దారి

నాలుగో రోజు పొద్దున కూడా పండు తన గిన్నె ముట్టలేదు.

సమ్మయ్య గిన్నె వంక చూశాడు, పండు వంక చూశాడు. పెరుగన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. దాని మీద నలిపి వేసిన మేక కార్జం ముక్క కూడా అట్లాగే ఉంది. ఈ మూడు రోజుల్లో అతను చెయ్యని ప్రయత్నం లేదు. గుడ్లు ఉడకబెట్టాడు. కోడి చారు పోశాడు. వేలికి అంటించి నాకించబోయాడు. పండు మాత్రం చుట్టాలింట్లో మొహమాటపడే మనిషిలా మూతి పక్కకు తిప్పుకున్నాడు.

పండు గొప్ప జాతి కుక్కేమీ కాదు. గోధుమరంగు ఊరకుక్క, చిరిగిన ఎడమ చెవి, పదేళ్ళ వయసు. సులోచన టీచర్ పెంచుకున్న కుక్క. ఆవిడ బడి నుంచి రిటైరయ్యాక ఆ ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే. మోకాలి ఆపరేషన్ కోసం పట్నం ఆసుపత్రిలో చేరుతూ, రెండు వారాల కోసం వాణ్ణి ఇక్కడ దింపి వెళ్ళింది.

ఇక్కడ అంటే కీసర దాటాక, మట్టిరోడ్డు చివర, మదార్ సాబ్ కుక్కల వసతిలో. పెళ్ళిళ్ళకు పోయేవాళ్ళు, ఊళ్ళకు పోయేవాళ్ళు, ఆసుపత్రుల్లో చేరేవాళ్ళు తమ కుక్కల్ని ఆయన దగ్గర వదిలి వెళ్తారు. మదార్ సాబ్ పోలీసు కుక్కల దళంలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి, తర్వాత ఒక సూఫీ పీరు పాదాల దగ్గర ఏడేళ్ళు కూర్చుని లేచిన మనిషి. అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు. మాట తక్కువ. కుక్కల దగ్గర ఇంకా తక్కువ.

సమ్మయ్య మూడేళ్ళ కింద కుక్కల పని నేర్చుకుందామని వచ్చాడు. ఉస్తాద్‌ను చూశాక, ఈయన దగ్గర నేర్చుకోవాల్సింది కుక్కల పని ఒక్కటే కాదనిపించి ఉండిపోయాడు. ముప్ఫై అయిదేళ్ళవాడు, గడ్డం, గట్టి చేతులు. మనసు మాత్రం పచ్చి వెన్న. ఎవరైనా ఏడుస్తుంటే చూడలేడు.

అక్కడ రోజూ చూడాల్సింది అదే.

ఉస్తాద్‌ది ఒక పద్ధతి. కుక్కను దింపడానికి ఎంతటివాడు వచ్చినా సరే, ముందు గేటు దగ్గర గొంతుక్కూర్చోవాలి. కుక్క మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకోవాలి. దాని కళ్ళలోకి చూసి "పోయొస్త" అని చెప్పాలి. పోతున్నా అనకూడదు. పోయొస్త అనాలి. చెప్పాక లేచి, అది చూస్తుండగానే గేటు దాటి వెళ్ళాలి. డాక్టర్లు గొంతుక్కూర్చున్నారు, లాయర్లు గొంతుక్కూర్చున్నారు. ఒక పెద్ద కాంట్రాక్టరు డ్రైవరు ముందు సిగ్గుపడి, వాణ్ణి అటు తిరిగి నిలబడమని గద్దించి మరీ చెప్పి వెళ్ళాడు.

ఇక చెప్పడం అయిపోగానే మొదలయ్యేది. వచ్చిన కుక్క ఏడ్చేది. గేటు బయట దాని మనిషి ఏడ్చేవాడు. అది విని లోపలున్న ఇరవై రెండు కుక్కలు ఎవరి మనుషుల్ని అవి తలుచుకుని గొంతు కలిపేవి. టీవీ పెడితే తప్ప అన్నం తినని బొచ్చుకుక్క, బల్లిని చూస్తే మంచం కిందకు దూరే దూడంత గ్రేట్ డేన్, అందరూ ఒకటే రాగం. అరగంట సేపు చెవులు చిల్లులు పడేవి. సమ్మయ్య నీళ్ళ పైపు పట్టుకుని వెనక పాకలోకి పారిపోయేవాడు.

పోయిన నెల ఉస్తాద్ తన పీరు దర్గాలో జరిగే ఉర్సుకు వెళ్ళాడు. ఇరవై రోజులు వసతి మొత్తం సమ్మయ్య చేతిలో ఉంది. మొదటి రోజే అతనికి ఒక ఉపాయం తట్టింది.

కుక్క ముందు కార్జం గిన్నె పెట్టాలి. అది తలవంచి తింటుండగా మనిషి వంటింట్లోంచి వెనక తలుపు తీసుకుని, వెనక గల్లీలోంచి మెల్లగా జారుకోవాలి. కుక్క తల ఎత్తేసరికి మనిషి ఉండడు. చూసే ఏడుపు లేదు, చూపించే ఏడుపు లేదు.

పనిచేసింది. ఇరవై రోజుల్లో గేటు దగ్గర ఒక్క ఏడుపు వినపడలేదు. "ఈ తెలివి ముందే ఉంటే ఎంత బాగుండేదయ్యా" అని వచ్చినవాళ్ళు భుజం తట్టారు. కొన్ని కుక్కలు రెండు రోజులు దిగాలుగా ఉండి సర్దుకున్నాయి. సమ్మయ్య ఉస్తాద్ ఎప్పుడొస్తాడా, ఎప్పుడు చెబుదామా అని రోజులు లెక్కపెట్టుకున్నాడు.

పండు కూడా అట్లాగే లోపలికి వచ్చాడు. ఆ రోజు సన్నగా తుంపర పడుతోంది. టీచర్ చేతికర్ర పొడుచుకుంటూ, వెనక్కి చూడకుండా, కొంగు నోట్లో కుక్కుకుని వెనక దారిన వెళ్ళి ఆటో ఎక్కింది. పండు కార్జం అంతా తిన్నాడు. తల ఎత్తాడు. ఏడవలేదు. ఆ కార్జమే వాడు తిన్న ఆఖరి తిండి.

రెండో రోజు సాయంత్రం టీచర్ ఫోన్ చేసింది. ఆవిడ గొంతు వింటే వాడికి ఊరటగా ఉంటుందని సమ్మయ్య స్పీకర్ పెట్టాడు.

"పండూ, నాన్నా" అందో లేదో పండు ఎగిరి లేచాడు. వంటింట్లోకి పరుగెత్తాడు. బియ్యం బస్తాల వెనక చూశాడు, మంచాల కింద చూశాడు, సామాన్ల గది తలుపు గోళ్ళతో గీరాడు. మళ్ళీ వంటింట్లోకి వచ్చి, మూసి ఉన్న వెనక తలుపు ముందు కూర్చున్నాడు. చీకటి పడేదాకా లేవలేదు.

"తిన్నాడా సమ్మయ్యా?" అని అడుగుతోంది ఫోన్లో టీచర్. తెల్లారితే ఆపరేషన్.

"తిన్నడు టీచర్. మంచిగ తిన్నడు" అన్నాడు సమ్మయ్య. ఇంకేం చెబుతాడు? తినలేదంటే ఆవిడ మంచం దిగి వచ్చేస్తుంది.

మూడో రోజు పశువుల డాక్టరు వచ్చి పండును చూశాడు. జ్వరం లేదు, కడుపులో గడబిడ లేదు. "వయసు మీద పడింది. రేపటికి తినకపోతే సెలైన్ పెట్టాల్సిందే. అది కూడా ఎంతవరకు పనిచేస్తుందో చెప్పలేను" అని వెళ్ళిపోయాడు. ఆ మాట విన్నప్పటి నుంచి సమ్మయ్య గొంతులోకీ ముద్ద దిగడం లేదు.

నాలుగో రోజు ఎండెక్కే వేళకు ఉస్తాద్ దిగాడు. భుజం మీద సంచి గోడకు తగిలించి, కాళ్ళు చేతులు కడుక్కుని, ఎప్పటిలాగే ఒక్కొక్క గది ముందు కాసేపు నిలబడుతూ వచ్చాడు. పండు గది ఖాళీగా ఉంది. వాడు వంటింట్లో, వెనక తలుపుకు మూతి ఆనించి పడుకుని ఉన్నాడు. డొక్కలు లెక్కపెట్టొచ్చు.

"ఎన్ని రోజులాయె?" అన్నాడు ఉస్తాద్.

"నాలుగు. నీళ్ళు గూడ నాలుక తడుపుకునేటంతే. ఎంత బతిమాలినా తింటలేడు ఉస్తాద్. రోగం లేదంటడు డాక్టరు. నాకేం సమజైతలేదు."

"ఏడ్చిండా?"

ఇన్ని రోజులు దాచుకున్న మాట చెప్పే సందు దొరికింది సమ్మయ్యకు. దిగులులో కూడా కాస్త ఛాతీ విరిచాడు. "ఒక్క చుక్క ఏడ్వలే. వీడే కాదు, మీరు పోయినకాన్నుంచి ఎవ్వలూ ఏడ్వలే. కార్జం పెట్టి, తింటుంటె వెనక తలుపులకెల్లి తోలిచ్చిన వాళ్ళను."

ఉస్తాద్ వంగి, పండు మూతి ఆనించిన తలుపు సందు వంక చూశాడు.

"టీచరమ్మ గూడ ఈ తలుపులకెల్లే పోయిందా?"

"అవు."

"వీడు జూసిండా?"

"చూడలే. చూడనియ్యలే నేను."

 ఉస్తాద్ గోడకున్న తాడు తీసి పండు మెడ పట్టీకి తగిలించాడు. గడియ తీసి వెనక తలుపు బార్లా తెరిచాడు.

పండు లేచాడు. నాలుగు రోజుల ఆకలికి వెనక కాళ్ళు వణికాయి. గడప మీద ముక్కు పెట్టి, అక్కడే చాలాసేపు నిలబడ్డాడు.

వెనక గల్లీలోకి మనుషులు పెద్దగా రారు. ఆ రోజు తుంపరకు బురదైన నేల ఎండి, వెళ్ళిన అడుగులు వెళ్ళినట్టే గట్టిపడి ఉన్నాయి. చెప్పుల గుర్తులు. వాటి పక్కన, అడుగుకొకటి చొప్పున, చేతికర్ర దిగిన గుండ్రటి గుంతలు.

పండు మొదటి గుంతలో మూతి పెట్టాడు. తర్వాత రెండో దానిలో. ఒక్కటి కూడా వదల్లేదు. ఉస్తాద్ తాడు వదులుగా పట్టుకుని, వాడు ఆగినచోట ఆగుతూ, నడిచినచోట నడుస్తూ వెంట వెళ్ళాడు. సమ్మయ్య చేతిలో బిస్కెట్ల పొట్లంతో వాళ్ళ వెనక నడిచాడు.

ఒకచోట గుంతలు నాలుగైదు దగ్గర దగ్గరగా ఉన్నాయి. టీచర్ అక్కడ ఆగినట్టుంది. సమ్మయ్యకు ఆ సంగతి తెలియదు. ఆవిడ వెళ్తుంటే అతను పండు గదిలోనే ఉండి వాడి ముందు గిన్నె సర్దుతున్నాడు. అక్కడ పండు తోక ఊపాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి.

గల్లీ చివర రోడ్డు మొదట్లో చెప్పుల గుర్తులు ఆగిపోయాయి. అక్కడి నుంచి ఆటో చక్రాల గుర్తులు మాత్రమే ఉన్నాయి. పండు గుండ్రంగా తిరిగాడు. మళ్ళీ తిరిగాడు. చివరి గుంత దగ్గరికి వెనక్కి వచ్చి, మళ్ళీ చక్రాల గుర్తు దగ్గరికి వెళ్ళాడు. రోడ్డు పట్నం వైపు తిన్నగా పోతోంది. పండు ఆ వైపు చూశాడు.

తర్వాత కూర్చుని, తల పైకెత్తి, ఏడ్చాడు.

అంత చిన్న ఒంట్లోంచి అంత ఏడుపు వస్తుందని సమ్మయ్య అనుకోలేదు. పొట్లం విప్పుకుంటూ ముందుకు పరుగెత్తబోయాడు. ఉస్తాద్ వెనక్కి చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు. వసతిలోంచి ఇరవై రెండు గొంతులు జవాబు చెప్పడం మొదలుపెట్టాయి. ఉస్తాద్ పండు పక్కన మట్టిలో కూర్చున్నాడు. నిమరలేదు, బుజ్జగించలేదు. రోడ్డు వంక చూస్తూ కూర్చున్నాడు.

ఎంతసేపైందో. పండు గొంతు బొంగురుపోయింది. ఏడుపు మూలుగైంది, మూలుగు నిట్టూర్పైంది. అప్పుడు ఉస్తాద్ వాడి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"టీచరమ్మ లోపల లేదు బిడ్డా" అన్నాడు. "పోయింది. పోయొస్తది."

తిరిగి వచ్చేటప్పుడు పండే ముందు నడిచాడు. వంటింట్లోకి వచ్చి వెనక తలుపు వంక చూడనైనా చూడలేదు. నేరుగా నీళ్ళ దగ్గరికి వెళ్ళి తొట్టిలో సగం తాగాడు. గిన్నెలో పొద్దుటి పెరుగన్నం ఇంకా ఉంది. దాని ముందు కాసేపు నిలబడి, తినడం మొదలుపెట్టాడు. మెల్లగా తిన్నాడు. గిన్నె అడుగు కూడా నాకాడు.

సమ్మయ్య గడప మీద కూలబడ్డాడు. బతికాడు అనుకున్నాడు. అయినా లోపల ఏదో ముల్లు గుచ్చుతూనే ఉంది.

"వాణ్ణి అంత ఏడిపిచ్చిండ్రు గదా ఉస్తాద్" అన్నాడు. అది కోపమో ఏడుపో అతనికే తెలియలేదు.

"ఏడిపియ్యలే. ఏడ్వనిచ్చిన."

సమ్మయ్య ఒప్పుకోలేదు. "ఏడ్వకుంట గూడ బతకొచ్చు. నన్ను జూడుండ్రి. మా అమ్మ పానం పోయినప్పుడు నాకు ఆరేండ్లు. మా చిన్నమ్మ నన్ను పక్కింటికి తోల్కపోయి బెల్లం అటుకులు పెట్టింది. తినొచ్చేసరికి ఇంట్ల అమ్మ లేదు. అమ్మేదంటే నర్సంపేటకు పోయింది, వస్తదన్నరు. నేను ఒక్కనాడు గూడ ఏడ్వలే. మా వాడకట్టంత మెచ్చుకునేటోళ్ళు, పిలగాడు ఎంత బుద్ధిమంతుడో అని."

ఉస్తాద్ తాడు చుట్టి గోడకు తగిలించాడు.

"మరి ఏం జేసేటోనివి?"

"ఏముంది? బస్సు కాడికి పోయేటోన్ని. నర్సంపేట బస్సు పొద్దుటిది ఒకటి, మాపటిది ఒకటి. దిగేటోళ్ళను జూసి ఇంటికొచ్చేటోన్ని."

"ఎన్ని రోజులు?"

సమ్మయ్య నవ్వబోయాడు. చిన్నతనం కదా, ఏదో కొన్నాళ్ళు అనబోయాడు. మాట పెదవి దాకా వచ్చి ఆగింది.

"పోయిన నెల బియ్యానికి పోయినప్పుడు..." అన్నాడు. "పెద్ద రోడ్డు మీద నర్సంపేట బస్సు ఎదురొచ్చింది ఉస్తాద్. బండి పక్కకు ఆపి, కిటికీలన్ని జూసిన."

ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని కూడా ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు తన నోటి వెంట వస్తే తనే కొత్తగా విన్నట్టు నేల వంక చూస్తూ ఉండిపోయాడు. భుజాలు ఊగడం మొదలైంది.

ఉస్తాద్ వచ్చి గడప మీద అతని పక్కనే కూర్చున్నాడు. ఊరుకోమని మాత్రం అనలేదు.