వీపు వెనక అవ్వ

గౌరాంబ పుట్టింటికి వెళ్ళిపోయి అప్పటికి మూడు నెలలు. పోయేటప్పుడు మొగుడితో గొడవేమీ పడలేదు. "నీతో కాపురం చేస్తన్నా ఒంటిదాన్నే ఉన్నట్టుంది. నువ్వు ఇంట్లో ఎప్పుడుండావు?" అని ఒక్క మాట అని, మూట చంకన పెట్టుకుని నడిచింది.

శంభులింగం పగటివేషగాడు. ఊరూరా తిరిగి ఒకరోజు పాములవాడు, ఒకరోజు సోదెమ్మ, ఒకరోజు ఫకీరు, ఇంకోరోజు తాగుబోతు. నిజం సోదెమ్మలే అతన్ని చూసి పక్కకు జరిగి చోటిచ్చేవాళ్ళంటే ఎంత గట్టివాడో చూసుకోండి. చిక్కల్లా ఇంట్లోనే వచ్చింది. కోపమొస్తే తాగుబోతు గొంతు, ప్రేమ పుడితే ఫకీరు గొంతు. భార్యను బతిమాలి తెచ్చుకుందామని అత్తారింటికి పోయి, గడపలో కూలబడి ఏడ్చాడు కూడా. ఆమె చివరిదాకా విన్నది.

"ఇది గుడ్డి బిచ్చగాని ఏడుపు. పోయినేడు సంతలో ఏడిస్తివి గదా," అని లోపలికి పోయింది.

ఆమె అన్నది నిజం. అదే అతన్ని తినేసింది. ఇంటికొచ్చి మొహం కడుక్కుని, ఆమెతో చెప్పడానికి తనదంటూ ఒక్క మాట ఉందేమోనని ఎంత వెతుక్కున్నా దొరకలేదు. ఇల్లు బోసిగా ఉంది. తను అంతకంటే బోసిగా ఉన్నాడు.

కొండ కింద గుడిసెలో ఓబులమ్మవ్వ ఉండేది. ఈతచాపలు అల్లుకుని బతికే ముసలామె. మనసు చెదిరినవాళ్ళు ఆమె దగ్గర కుదుటపడతారని ఆ చుట్టుపక్కల పేరు. శంభులింగం అక్కడికే పోయాడు.

"నేనెవరో నాకే తెలీడం లేదవ్వా. నీ శిష్యుణ్ణి చేసుకో."

అవ్వ అతన్ని వాకిట్లో బండ మీద కొండకేసి కూర్చోబెట్టి, తను అతని వీపు వెనక కూర్చుంది. "రోజూ పొద్దున్నే రా. నేను ఈ కట్ట ఆకు అల్లేదాకా నోటికొచ్చింది మాట్లాడు. వెనక్కి మాత్రం తిరగొద్దు."

"మరి నువ్వేం చేస్తావు?"

"వింటా."

ఇంతేనా అనుకున్నాడు శంభులింగం. మాటలకేం కరువు? పది రోజులు పది గొంతులతో ఆడేశాడు. కానీ వేషగాడికి ఎదుటివాళ్ళ మొహమే ప్రాణం. నవ్వారా, జాలిపడ్డారా చూసుకుని తర్వాతి మాట అంటాడు. ఇక్కడ ఎదురుగా కొండ తప్ప ఏమీ లేదు. కొండ నవ్వదు, వెనక అవ్వ ఊఁ అనదు. పదకొండో రోజుకి నోట మాట రాలేదు. ఆకు గరగరలాడే చప్పుడు వింటూ, ఆ ముసలామె మూరెడు దూరంలో ఉండగానే, అతను జన్మలో ఎరగనంత ఒంటరితనంలో కూర్చున్నాడు. లేచి పోదామనుకున్నాడు. పోవడానికి ఇంట్లో మాత్రం ఎవరున్నారు?

అలా రోజూ వస్తూండగానే వానలు వచ్చిపోయాయి. ఒక పొద్దున, ఎందుకో తెలీదు, తల్లి చనిపోయిన రోజు సంగతి చెప్పాడు. అతనికప్పుడు ఆరేళ్ళు. ఆ రోజు ఒక ఊళ్ళో ఆటకు ఒప్పుకుని ఉన్నారు కాబట్టి ఆడక తప్పదు. నాన్న అతనికి మొహమంతా ఎర్రరంగు పూసి, తోక కట్టి, కోతి వేషం వేశాడు. "ఏడవొద్దురా, రంగు కారిపోతుంది," అన్నాడు. నాన్న గొంతును శంభులింగం అచ్చం దింపేశాడు.

"ఆ పిల్లోడేమన్నాడు?" అనడిగింది అవ్వ. ఇన్ని నెలల్లో అతని మాటల మధ్య ఆమె నోరు విప్పడం అదే మొదలు.

శంభులింగం మళ్ళీ నాన్న గొంతుతోనే, "ఏడవొద్దురా," అన్నాడు.

మర్నాడు అవ్వ ఆకు నానబెట్టడానికి వాగుకి పోయింది. ఎక్కడినుంచో ఒకామె ఏడుస్తూ వచ్చింది. మనవాడు ఊరుకుంటాడా? అవ్వ గొంగడి కప్పుకుని, అవ్వలా వంగి, ఆమెను బండ మీద కూర్చోబెట్టి తను వెనక చేరాడు. "చెప్పు తల్లీ" అన్నాడు, అవ్వ గొంతుతోనే. ఆమె కడుపులోదంతా కక్కుకుని, దణ్ణం పెట్టి పోయింది.

అవ్వ రాగానే మురిసిపోతూ చెప్పాడు. "రవ్వంత కూడా అనుమానపడలేదవ్వా. నీ విద్య నాకు పట్టుబడింది."

అవ్వ కసురుకోలేదు. తడి ఆకు దించి, పోయి బండ మీద కొండకేసి కూర్చుంది. "అట్లయితే నువ్వే అవ్వవు. ఆకు తీసుకుని నా వెనక కూర్చో. ఈరోజు నేను శంభులింగాన్ని."

అతను నవ్వుకుంటూ కూర్చున్నాడు.

అవ్వ ఎవరి గొంతూ పెట్టకుండా, తన మామూలు గొంతుతోనే మొదలుపెట్టింది. "మాయమ్మ పోయిన దినం నాకు కోతి వేషమేసినారవ్వా. నేను గెంతినా. జనం నవ్వినారు. నాకు భలే సంతోషమైంది. ఆటలో పడి మాయమ్మను మర్చేపోయినా."

"కాదు."

ఆ మాట ఎవరన్నారా అని శంభులింగమే ఉలిక్కిపడ్డాడు.

"మర్చిపోయినాలే అవ్వా. చిన్నపిల్లోణ్ణి గదా. ఏడుపే రాలేదు."

"కాదు! అబద్ధం. నేను మర్చిపోలేదు. అమ్మ దగ్గరికి పోతానంటి. ఎవరూ వినలేదు. నాకు... నాకు గెంతాలని లేదు..."

గొంతు జీరబోయి, సగంలో విరిగిపోయింది. ముక్కు కారింది. సంతలో ఇలా ఏడిస్తే పిడికెడు బియ్యం కూడా రాలవు. ఆకు కిందపడేసి, మోకాళ్ళలో తల పెట్టుకుని అలాగే ఏడ్చాడు. అవ్వ వెనక్కి తిరగలేదు. అతని ఏడుపు అయ్యేదాకా కొండను చూస్తూ కూర్చుంది.

ఎండ పైకొచ్చింది. శంభులింగం పంచె చెరగుతో మొహం తుడుచుకున్నాడు.

"అవ్వా, నేను గౌరాంబ దగ్గరికి పోతా. పోయి ఏమని చెప్పాలి?"

"నన్నడిగితే ఎట్ల నాయనా," అంది అవ్వ. "ఆమె మొగునివి నువ్వు."