క్రోసుకోసారి దించే పల్లకి

క్రోసుకోసారి పల్లకి దించి, భుజాలు మార్చుకుని, గుక్కెడు నీళ్ళు తాగడం బోయీల తాతలనాటి ఆచారం. అమల్దారు విరూపాక్షయ్యకి మాత్రం అది చూస్తే ఒళ్ళు మంట.

"సోమరి వెధవల్లారా! కోట గుమ్మం చేరేదాకా పల్లకి నేల తాకకూడదు. ఎవరెంత మొత్తుకున్నా సరే. దించారో, వీపులు చిట్లగొడతా!" అని కొరడా ఝళిపించి మరీ ఎక్కాడు.

బోయీల పెద్ద చింతడు చేతులు కట్టుకుని, "చిత్తం బాబయ్యా. ఎండ మండిపోతోంది, దారిలో పుచ్చుకోండి," అని కుండెడు మజ్జిగ లోపల పెట్టాడు.

ఊరికే వచ్చిందేదీ వదిలే రకం కాదు అమల్దారు. రెండు క్రోసులు దాటేసరికి కుండ ఖాళీ. మూడో క్రోసులో లోపల్నించి మూలుగు మొదలైంది.

"ఒరేయ్, కాస్త దించండిరా!"

"అమ్మో, వీపులు చిట్లగొడతారు బాబయ్యా."

"దించమంటున్నది నేనేరా!"

"ఎవరెంత మొత్తుకున్నా అన్నారు కదండీ," అంటూ చింతడు నడకలో కుదుపు కాస్త పెంచాడు.

కొరడా పల్లకిలోంచి ఎగిరి చేలో పడింది. "ఇకమీదట క్రోసుకోసారి దించుకోండి! ఊరూరా చాటించుకోండి! ముందిప్పుడు దించండ్రా నాయనా!"

దించారు. అమల్దారు జారిన తలపాగా కూడా చూసుకోకుండా తుమ్మపొదల వెనక్కి పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి బోయీలు నీడన కాళ్ళు చాపుకుని ఉన్నారు.

"మోసేవాడికి భుజమున్నట్టే ఎక్కినవాడికీ పొట్ట ఉంటుందని మా తాతలకి తెలుసు బాబయ్యా," అన్నాడు చింతడు, చుట్ట వెలిగిస్తూ. "ఎక్కండి మరి. ఇంకో క్రోసు ఆగగలరా?"