అంచు వంకరపోయిన ఊయల

నేను ఇంతకు ముందు ఏదీ రాసి ఎరగను. ఐదో తరగతితో బడి మానేశాను. కథలు చెప్పడం మాత్రం వచ్చు, అదీ మా వాకిట్లో చేరే పిల్లలకు. పెద్దవాళ్లు ఎవరైనా వస్తే సిగ్గేసి ఆపేస్తాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

కొండ కింద ఒక మోదుగ తోపు. అందులో ఒక కుట్టుపిట్ట ఉండేది. పేరు పైడమ్మ. బొటనవేలంత పిట్ట. ముక్కుతో ఆకులకు చిల్లులు పెట్టి, బూరుగు దూదిని దారంలా పేని కుట్టేది. గూళ్లు కుట్టుపిట్టలన్నీ కుట్టుకుంటాయి. పైడమ్మ ఊయలలు కుట్టేది, చెట్ల మీద పిల్లల్ని పెంచుకునే తల్లుల కోసం. లోపల దూది పరుపు, పైన వాన పడకుండా ఆకు మడత, అంచు చుట్టూ పూల తొడిమల అల్లిక. అలాంటి పని ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ రాదు.

వాగు అవతల బండ మీద సోమవారం సోమవారం జంతువుల సంత జరుగుతుంది. అక్కడ తన ఊయలలు పెట్టుకుని కూర్చోవాలని పైడమ్మకు రెండేళ్లుగా ఆశ. ఒక్క సోమవారమూ వెళ్లలేదు. ఆదివారం వచ్చేసరికి ఏదో ఒక తప్పు కనబడేది. కనబడకపోతే చూపించడానికి నక్క గుర్నాథం ఉండనే ఉన్నాడు.

"ఏదీ అమ్మాయీ, ఈ వారం ఏం కుట్టావో చూపించు," అంటూ చెట్టు కిందకు వచ్చేవాడు. ఒక ఆదివారం అలాగే వచ్చాడు. పిట్ట ఊయల కిందకు దించింది. నక్క తల అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.

"బాగానే ఉంది."

"నిజంగానా బాబాయీ?"

"బాగానే ఉందంటున్నాగా. ఈ అంచు ఒక్కటే కొంచెం వంకరపోయింది. నాకైతే పర్లేదు, నేను నీవాణ్ణి. సంతలో వాళ్లు ఊరుకుంటారా? వాళ్ల నవ్వు సంగతి అలా ఉంచు. ఏ తల్లో తీసుకెళ్లి పిల్లను పడుకోబెడుతుంది. ఆ పిల్ల జారి పడితే?"

పైడమ్మ ఆ అంచును ముక్కుతో సర్దబోయింది.

"మరేం చెయ్యను?"

"ఏముంది, తీసుకుపోయి లోయలో పారేస్తా. ఎవరి కంటా పడదు. నీ పరువు నా పరువు కాదా?"

నక్క ఊయల నోట కరుచుకుని వెళ్లిపోయాడు. పైడమ్మ వాడు కనుమరుగయ్యేదాకా దణ్ణం పెడుతున్నట్టే చూసింది.

తోపులో ముసలి ఎద్దు గంగులు ఇదంతా చూస్తూ నెమరు వేస్తున్నాడు. మోకాళ్ల నొప్పులతో సంతకు పోవడం ఎప్పుడో మానేశాడు. ఒక మాట అనడానికి ఆయనకు చాలాసేపు పడుతుంది.

"అమ్మీ, రెండేళ్లుగా కుడుతున్నావు. ఒక్కటీ కుదరలేదా?"

"కుదిరితే వెళ్లనా తాతా?"

"కుదరలేదని ఎవరన్నారు?"

"బాబాయి అన్నాడుగా."

"వాడికి పిల్లల్ని ఊయలలో వేసిన అలవాటుందా?"

పైడమ్మ ఆకు చాటుకు పోయింది.

అప్పుడే వాగు దాటుకుని ఒక ఉడుత వచ్చింది. పేరు కనకం. వీపు మీద చినిగిన ఊయల ఒకటి మోసుకొచ్చి, ఒకటే రొప్పు.

"ఇక్కడ కుట్టు పని తెలిసిన పిట్ట ఉందన్నారు, నువ్వేనా వదినా? దీన్ని కాస్త బాగు చేసి పెట్టు తల్లీ. సంతలో దీన్నిచ్చినవాణ్ణి నెల నుంచి అడుగుతున్నా. రేపంటాడు, మాపంటాడు, దారం నానబెట్టానంటాడు."

పైడమ్మ ఊయల వంక చూసింది. ఎడమ పక్కకు ఒరిగిన అంచు. కిందటేడు తను కుట్టిన ఆ అంచు చూసుకునే ఒక రోజంతా మేత ముట్టలేదు.

"దీన్ని... దీన్ని ఎన్నాళ్లు వాడావు?"

"రెండు కాన్పులయ్యాయి. మొదట ఇద్దరు, తర్వాత ముగ్గురు."

"పిల్లలు జారి పడలేదా?"

"పడకేం, చెట్టు మీంచి రోజూ పడతారు. ఇందులోంచి మాత్రం పడలేదు. మా చిన్నదైతే ఈ వంకర ఉంది చూడు, ఇందులో కాలు పెట్టుకుంటే గానీ నిద్రపోదు."

పైడమ్మ ఆ వంకర మీద ముక్కు ఆనించింది. గంగులే అడిగాడు, "నీకిచ్చినవాడి పేరేంటమ్మా?"

"నక్క గుర్నాథం. ఐదు తరాలుగా కుట్టు మా ఇంటి విద్య అంటాడు. ఒక్కో ఊయలకు ఎన్ని గుడ్లు, ఎన్ని ఎండుచేపలు పుచ్చుకుంటాడో."

సంగతంతా విన్నాక కనకం తోక చీపురులా నిలబెట్టింది. "అయితే దీన్నిప్పుడు బాగుచెయ్యకు వదినా. రేపు సంతకు రా. వాడి చేతే కుట్టిద్దాం."

"నా వల్ల కాదు. అంతమందిలో..."

"నా కొమ్ము వెనక కూర్చో, కనబడవు," అన్నాడు గంగులు.

"మీకు మోకాళ్లు..."

"నెమ్మదిగా నడుస్తాలే."

సోమవారం సంతలో గుర్నాథం బండ మధ్యలో ఊయలలు పరుచుకుని కూర్చున్నాడు. కనకం నిద్రపోతున్న పిల్లల్ని బండ పక్క నీడలో పడుకోబెట్టి, సరాసరి వెళ్లి చినిగిన ఊయల ముందు పెట్టింది.

"గుర్నాథం మావా, ఇక్కడే ఒక్క కుట్టు వెయ్యి."

"పొద్దున పూట కుట్టు పట్టకూడదమ్మా, ఇంటికి అరిష్టం."

"మధ్యాహ్నం దాకా కూర్చుంటా."

"కళ్లు సరిగా ఆనడం లేదే."

"నిన్న కోడిపిల్లను రెండు చేల అవతల్నుంచి చూశావట."

చుట్టూ మూగినవాళ్లు నవ్వారు. గంగులు వచ్చి దారికి అడ్డంగా పడుకున్నాడు. "కుట్టు బాబూ, ఎవరికీ తొందర లేదు," అన్నాడు.

తప్పక గుర్నాథం ఆకు నోట పట్టాడు. కోరతో పొడిస్తే చిల్లు పడే బదులు ఆకు చీలింది. దారం లాగితే మూతి చుట్టూ చుట్టుకుంది. ఇంకాస్త లాగితే బిగుసుకుంది. నవ్వులు పెరిగాయి. నక్క పళ్ల సందుల్లోంచే మాట్లాడాడు.

"సరే, నేను కుట్టలేదు. కుట్టినవాళ్లెవరో రమ్మనండి. ఇంత వంకర కుట్టు నాదే అని చెప్పుకునే మొహం ఎవరికుందో చూద్దాం."

వాడికి పైడమ్మ సంగతి తెలుసు. ఆ మాటకు ఆమె ఏ కొమ్మ చాటునో దాక్కుంటుందని వాడి ధీమా. నిజంగానే పైడమ్మ గంగులు కొమ్ము వెనక ఇంకాస్త ముడుచుకుంది. గంగులు తల కదపలేదు, పిలవలేదు.

"నాదే," అంది పైడమ్మ.

ఎవరికీ వినబడలేదు. మళ్లీ అంది. "ఆ వంకర కుట్టు నాదేనండి."

ఎగిరి వచ్చి ఊయల ముందు వాలింది. చిల్లు పెట్టింది, దారం ఎక్కించింది, లాగింది. దారం పుటుక్కుమంది.

రెండేళ్లుగా భయపడిందే జరిగింది, అదీ అందరి ముందూ. తలెత్తి చూసింది. ఎవరూ వెళ్లిపోలేదు. ఒక చుంచెలుక వెనకవాళ్లకు కనబడేలా వంగింది, అంతే.

"నిదానంగా కానీ వదినా, పిల్లలు ఇప్పుడప్పుడే లేవరు," అంది కనకం.

రెండోసారి ఆకు కొంచెం చిరిగింది. పైడమ్మ ఇంకొంచెం పక్కగా చిల్లు పెట్టింది. మూడోసారి కుట్టు నిలిచింది. అంచు మళ్లీ ఎడమకే ఒరిగింది. కనకం చిన్నదాన్ని తెచ్చి అందులో పడుకోబెట్టింది. అది కళ్లు తెరవకుండానే కాలితో అంచు వెతుక్కుని, అందులో పెట్టి, నిద్రలోకి జారింది.

"వానలు పడేలోపు నాకొకటి కావాలమ్మా," అంది చుంచెలుక. "నాకూ," అంది ఇంకెవరో.

సందు చూసుకుని గుర్నాథం జారుకున్నాడు గానీ వాగు దాకా వెళ్లి తిరిగొచ్చాడు. మూతికి బిగుసుకున్న దారం విప్పుకోవడం వాడికి చేతకాలేదు.

"అమ్మాయీ, దీన్ని కాస్త..." అన్నాడు నేల చూస్తూ.

పైడమ్మ ముక్కుతో మెల్లగా విప్పింది. "ఈ ముడి మాత్రం బాగా కుదిరింది బాబాయీ," అంది.

చెడిపోయిందని మనం దాచేసిన పనితో ఇంకొకరు బతుకుతారు గనక, వంకరైనా సరే దాన్ని మన చేత్తోనే బయట పెట్టాలి.

ఇది నిన్న మధ్యాహ్నం రాసి ముగించాను. ఈ పొద్దున్నే లేచి, పాత చీరలతో నేను కుట్టిన చంటిపిల్లల బొంతలు పదకొండూ ట్రంకుపెట్టెలోంచి తీశాను. మూల సరిగ్గా రానిదాన్నే పైన పెట్టి, వీధి వైపు బల్ల మీద పరిచాను. పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ఎవరో మలుపు తిరిగి వస్తున్న అలికిడైంది. లోపలికి పోలేదు.