మహారాజుగారి బావమరిది ఉద్యోగం

అడగని సలహా ఇవ్వడం నాకున్న గొప్ప సుగుణం. కుండలు చేసుకునే నన్ను రాజసభలో నిలబెట్టింది అదే.

వాన పడితే చాలు, మా వీధి ఇళ్లలోకి మురుగునీళ్లు వచ్చేవి. పొరుగుదేశాల్లో ఊరిని చక్కబెట్టడానికి పని తెలిసిన మనిషిని జీతానికి పెట్టుకుంటున్నారని రాజుగారు విన్నారు. మన ఊరికీ అలాంటి నిర్వాహకుడు ఉండాలని, ఆ ఉద్యోగం తన బావమరిది రణభీముడికి ఇస్తున్నానని సభలో ప్రకటించారు. మురుగు గోడు చెప్పుకోవడానికి సభకు వెళ్లిన నేను, ఇక మా వీధి తేలేది లేదనుకుని లేచాను.

"మహారాజా, అక్కడ పని చేయకపోతే ఆ మనిషిని తీసేస్తారట కదా?"

"అవును. మేమూ తీసేస్తాం."

"అయితే ఇవాళ బావమరిదిగారిని ఉత్తుత్తినే తీసేసి చూడండి. రాత్రికి రాణిగారు తమకు అన్నం వడ్డిస్తే, రేపు ఉద్యోగం ఇచ్చేయండి."

రాజుగారు అంతఃపురం వైపు ఓసారి చూశారు. రణభీముడు మీసం దువ్వడం ఆపాడు.

"ఎవరికీ చుట్టం కాని మనిషిని వెతకండి" అన్నారు రాజుగారు మంత్రితో.

అలా వచ్చినాయన మురుగు ఎక్కడ ఆగుతోందో ఇట్టే కనిపెట్టాడు. మా ఇంటి ముందు కాలవలో, నేను పారేసిన పగిలిన కుండల దగ్గర. నాచేతే తీయించాడు. ఇప్పుడు ఎంత వాన పడినా మా వీధి హాయిగా నిద్రపోతోంది.

పగిలిన కుండలు మా పెరట్లో గుట్టపడుతున్నాయి; వాటిని ఎక్కడ పారేయాలో మాత్రం నేనింకా నేర్చుకోలేదు.